131లో 161వ కార్డు

రిటైరైన బ్యాంకువాడికి అమెరికాలో పని దొరకదంటారు గానీ, నాకు దొరికింది. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా అబ్బాయింటికి వెళ్తే, మా మనవడు నన్ను తలకాయగా నియమించుకున్నాడు. తలకాయంటే సలహాదారు అనుకునేరు. ‘మనిషికి ఒక్క పెట్టె మాత్రమే’ అని బోర్డు పెట్టిన దుకాణం ముందు, లెక్కకు నిలబెట్టే తలకాయ. మా ఆవిడకీ అదే ఉద్యోగం, అదే హోదా. జీతం ఇంటికొచ్చాక ఓ కప్పు కాఫీ. అదీ ఎవరిది వాళ్ళే కలుపుకోవాలి.

2025 జనవరి 17, శుక్రవారం. ముక్కనుమ మర్నాడు. మా విజయవాడలో జనమంతా ఏ సంక్రాంతి సినిమా ఆడింది, ఏది పోయింది అని కొట్టుకుంటుంటే, మేమిద్దరం తెల్లవారకముందే మంకీ టోపీలు, శాలువాలు చుట్టుకుని ఓ పెద్ద దుకాణం గోడ పక్కన వణుకుతున్నాం. ఆ రోజు పోకెమాన్ కార్డుల్లో ‘ప్రిస్మాటిక్ ఎవల్యూషన్స్’ అనే కొత్త సెట్టు విడుదల.

పిల్లలాట అని చెప్పి తీసుకొచ్చారు. క్యూలో పిల్లలేరీ? గడ్డాలవాళ్ళు, మడత కుర్చీలవాళ్ళు, థర్మాస్ ఫ్లాస్కులవాళ్ళు. మా వెనకాల ఓ తెలుగు కుర్రాడు పలకరించాడు.

“అంకుల్, మీరు కూడా కలెక్టరేనా?”

“లేదు బాబూ, బ్యాంకు మేనేజరుగా రిటైరయ్యాను” అన్నాను.

“అంకుల్, కార్డుల కలెక్టరు...”

“ఆయనకా అదృష్టం కూడానా!” అంది మా ఆవిడ శాలువాలోంచి.

తలుపులు తీశారు. మా ముందు నాలుగో మనిషి దగ్గర పెట్టెలు అయిపోయాయి. అయిపోయినందుకు దుకాణంవాళ్ళు సారీ చెప్పారు. మా వాడు ఏడవలేదు గానీ, మా ఇద్దరి వంకా చూసిన చూపులో ఒక్కటే ప్రశ్న: ఇంకో గంట ముందు లేవలేకపోయారా? నిజానికి గొడవ లేకుండా బయటపడటమే ఎక్కువట. 2021 మేలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఓ టార్గెట్ దుకాణం పార్కింగులో ఇలాంటి కార్డుల దగ్గర మొదలైన తగాదా తుపాకీ తీసేదాకా వెళ్ళింది. దాంతో ఆ సంస్థ తన దుకాణాల్లో ఈ కార్డులు అమ్మడమే కొన్నాళ్ళు ఆపేసింది.

తర్వాత ఎక్కడెక్కడో తిరిగి మా అబ్బాయి కొన్ని ప్యాకెట్లు సంపాదించాడు. ఎంతకు కొన్నాడని నన్నడక్కండి. మా కోడలు ఇప్పటికీ అడుగుతూనే ఉంది, సమాధానం రాలేదు.

ఇక అసలు సంగతి. కొత్త సెట్టు వచ్చిందంటే, అందులో ఏ కార్డు కోసం వెతకాలో తెలిసి ఉండాలి. లేకపోతే లక్ష రూపాయల కాగితాన్ని పుస్తకంలో గుర్తు కింద పెట్టుకుని తిరుగుతాం. మా మనవడు నన్ను డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. ముప్పై ఏళ్ళకు పైగా గోల్డ్ లోన్ల కౌంటర్ చూసినవాణ్ణి కదా, విలువ కట్టడం గురించి నాకే పాఠమా అనుకుంటూనే కూర్చున్నాను.

ఈ సెట్టుకి మూలపురుషుడు ఈవీ అనే ప్రాణి. నక్కకీ కుక్కకీ మధ్యరకం. దానికి ఎనిమిది అవతారాలు: వేపోరియాన్, జోల్టియాన్, ఫ్లేరియాన్, ఎస్పియాన్, ఉంబ్రియాన్, లీఫియాన్, గ్లేసియాన్, సిల్వియాన్. మన దశావతారాలు గుక్క తిప్పుకోకుండా చెప్పలేని మా వాడు, ఇవి నిద్రలో లేపినా వరసగా చెబుతాడు. అన్నిట్లోకీ గిరాకీ ఉంబ్రియాన్‌ది. నల్లటి ఒళ్ళు, దానిమీద పసుపుపచ్చ వలయాలు. దీని వంశానికి ముందే పేరుంది. 2021 ఆగస్టులో వచ్చిన ‘ఎవాల్వింగ్ స్కైస్’ సెట్టులో చంద్రుడి కోసం పంజా చాచిన ఉంబ్రియాన్ కార్డొకటుంది. ఆ ఒక్క బొమ్మ కోసం జనం ఇప్పటికీ ఆ పాత ప్యాకెట్లు వెతుక్కుంటున్నారు. అందుకే కొత్త సెట్టులో మళ్ళీ ఉంబ్రియాన్ వస్తోందనగానే కార్డు చూడకముందే బేరాలు మొదలయ్యాయి. వచ్చాక వెయ్యి డాలర్లు దాటింది.

“ఈ నక్కపిల్లకి లక్ష రూపాయలా? దాంతో రెండు పాడి గేదెలు కొనుక్కోవచ్చు” అంది మా ఆవిడ.

“అది నక్క కాదు నానమ్మా, మూన్‌లైట్ పోకెమాన్” అన్నాడు మనవడు.

“అయితే పాలివ్వదు” అని తేల్చేసి ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మొదటి పాఠం: కార్డు కింద ఎడమ మూలన చిన్న అక్షరాల్లో ఓ నంబరు ఉంటుంది. ముందు అది చూడాలి. ఉంబ్రియాన్‌ది 161/131. అంటే ఏమిట్రా అంటే, సెట్టులో కార్డులు 131, ఇది 161వది అన్నాడు. నాకు కళ్ళు తిరిగాయి. మా బ్రాంచిలో 131 ఖాతాల లెడ్జర్లో 161వ ఖాతా కనిపిస్తే, మర్నాడే ఇన్‌స్పెక్షన్ వాళ్ళు దిగేవాళ్ళు. రాసిన గుమాస్తా ఆ సాయంత్రానికి సస్పెన్షన్ కాగితం పట్టుకుని ఇంటికి పోయేవాడు. ఇక్కడ మాత్రం లెక్కలోకి రాని కార్డుకే లెక్కలేనంత ధర. సెట్టు 131 అని రాస్తారు, పైన మరో 49 గుట్టుగా అచ్చేస్తారు. మొత్తం 180. కాబట్టి గీతకు ఎడమవైపు అంకె కుడివైపు అంకె కంటే పెద్దదైతే, ఊపిరి బిగబట్టి కార్డుని మెల్లగా కింద పెట్టాలి.

రెండో పాఠం: నంబరు దగ్గరే ఓ గుర్తు ఉంటుంది. నల్ల చుక్క ఉంటే మామూలు కార్డు. డైమండ్ గుర్తుంటే అంతకంటే కాస్త నయం. ఒక నల్ల నక్షత్రం అరుదు, రెండు నల్లవైతే ఇంకా అరుదు, రెండు వెండివైతే మరీ అరుదు. ఒక బంగారు నక్షత్రం అంటే కార్డు నిండా బొమ్మ గీసిన ప్రత్యేక చిత్రం. రెండు బంగారు నక్షత్రాలంటే అంతకు మించిన చిత్రం. మన ఉంబ్రియాన్ ఈ జాతిదే. మూడు బంగారు నక్షత్రాలుంటే కార్డు మొత్తం పసిడి పూతే.

“అయితే ఆ మూడు నక్షత్రాలదే అన్నిట్లోకీ ఖరీదన్నమాట” అన్నాను, వృత్తిగర్వంతో.

“కాదు తాతయ్యా. గోల్డ్ కార్డ్స్ ఎవరికీ పెద్దగా ఇష్టం లేదు. దాంట్లో పికాచుకి కొంచెం రేటుంది, మిగతావి చీప్.”

జీవితమంతా బంగారం గీటురాయి మీద గీసి బతికినవాడి ముందు ఆ మాట అనొచ్చా? కానీ వాడన్నది నిజం. మూడు నక్షత్రాల పసిడి కార్డులు రెండు నక్షత్రాల ఉంబ్రియాన్ ముందు చిల్లర కింద లెక్క. కార్డు మీద అచ్చేసిన నక్షత్రాలు అది ఎంత అరుదో చెబుతాయి, ఎందరికి కావాలో చెప్పవు. కావాలనుకునేవాళ్ళు లేని అరుదైన వస్తువు ఏ ధర పలుకుతుందో, వేలంపాటకు వచ్చిన ఇత్తడి హారతి పళ్ళేలు అమ్మించిన ఏ మేనేజర్నైనా అడగండి.

మూడో పాఠం నన్ను ఇంకా తికమక పెట్టింది. ఈ కార్డులతో ఆటాడతారు కదా, ఆటలో గెలిపించే కార్డుకే ధర ఉండాలి కదా? ఉండదు. ఇదే సెట్టులో బడ్యూ అనే మొగ్గలాంటి ప్రాణి ఉంది. నంబరు 4, బలం 30 మాత్రమే. చూస్తే జాలేస్తుంది. కానీ శక్తి కార్డు ఒక్కటీ ఖర్చు పెట్టకుండా అది పుప్పొడి చల్లిందంటే, ఎదుటివాడు మరుసటి వంతులో ఐటమ్ అనే రకం కార్డు ఒక్కటీ వాడలేడు. చేతులు కట్టేసినట్టే. పోటీలాడేవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకుని తిరిగారు. అయినా మామూలు బడ్యూ చిల్లర డబ్బులకే దొరుకుతుంది, ఎందుకంటే అది ప్యాకెట్లలో విరివిగా వస్తుంది. పనిచేసేవాడికి జీతం, అందంగా ఉన్నవాడికి బోనసు. ఇది మా బ్యాంకులో కూడా చూశాను.

నాలుగో పాఠం ఆత్రగాళ్ళకు. ఈ సెట్టులో మామూలుగా కనిపించే కార్డుల్లోనే కొన్నిటి మీద తళుకు కనిపిస్తుంది. ఆ తళుకులో చిన్న చిన్న బంతుల నమూనా ఉంటుంది. అది రెండు రకాలు: పోకే బాల్, మాస్టర్ బాల్. పోకే బాల్ అయితే సరదాకి దాచుకోవచ్చు. మాస్టర్ బాల్ అయితే, అందులోనూ ఈవీ వంశానిదైతే, పారేయాల్సిన కార్డు కాస్తా పరుపు కింద దాచుకోవాల్సిన కార్డవుతుంది. బంతిలో ‘ఎం’ అక్షరం కనిపిస్తే మాస్టర్ బాల్ అని గుర్తు. ప్యాకెట్ చింపి, పెద్ద బొమ్మ లేదని పదింటినీ చెత్తబుట్టలో పడేసేవాళ్ళు పోగొట్టుకునేది ఇక్కడే.

ఇంత చెప్పాక నా ముందు ఓ ప్యాకెట్ పెట్టి “నువ్వు ఓపెన్ చెయ్యి తాతయ్యా” అన్నాడు. పైన చింపాను, కట్ట బయటికి తీశాను, అలవాటు కొద్దీ బొటనవేలు నాలిక దగ్గరకు వెళ్ళింది. నోట్లు లెక్కపెట్టిన చెయ్యి కదా. వాడు వేసిన కేకకు పక్కింటి కుక్క మొరిగింది.

“తడి తగిలితే గ్రేడ్ పోతుంది!”

అప్పుడు తెలిసింది, ఇక్కడా అప్రైజర్లు ఉన్నారని. పీఎస్ఏ అనే సంస్థ 1991 నుంచీ అదే పనిలో ఉంది. కార్డు పంపిస్తే, నిజమైనదో కాదో తేల్చి, 1 నుంచి 10 దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి తిప్పి పంపుతారు. నాలుగు మూలలూ, అంచులూ, పైభాగం, బొమ్మ నట్టనడుమ ఉందా లేదా, ఇవన్నీ చూస్తారు. మూలన ఆవగింజలో సగం తెల్లగా లేచినా 10 కాస్తా 9 అవుతుంది. ఒక్క మార్కే కదా అనుకోకండి. గిరాకీ ఉన్న కార్డుకి 9కీ 10కీ మధ్య ధర కొన్ని రెట్లు తేడా వస్తుంది. మా వాడు భూతద్దం, తెల్ల దీపం, మెత్తటి గుడ్డ పెట్టుకుని, ఒక కన్ను మూసి, ఊపిరి కార్డు మీద పడకుండా పక్కకు వదులుతూ చూస్తుంటే, మా బ్రాంచికొచ్చే కంసాలి గారు గుర్తొచ్చారు. ఆయనకూ ఇంత భక్తి లేదు. చూడటం అయ్యాక కార్డు ముందు పలచటి కవరులోకి, తర్వాత దళసరి ప్లాస్టిక్ తొడుగులోకి, తర్వాత జిప్పున్న ఆల్బంలోకి, ఆ ఆల్బం బీరువాలోకి. తాళంచెవి వాడి దగ్గర. వాళ్ళమ్మ మంగళసూత్రం హుక్కుకి తగిలించి ఉంటుంది, అది వేరే సంగతి.

ఈ పిచ్చి పోకెమాన్‌తో మొదలైంది కాదు. కార్డులు పోగేసే అలవాటు పాకిందే సిగరెట్ పెట్టెల్లోంచి. పెట్టె నలగకుండా అమెరికా కంపెనీలు లోపల అట్టముక్క పెట్టేవి. ఉత్త అట్టెందుకని దానిమీద బొమ్మలు వేశాయి. 1909-11 మధ్య అలా వచ్చిన హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఒకటి 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడైంది. అదే ఏడు 1952 నాటి మికీ మాంటిల్ కార్డు కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. ఆ మాంటిల్ కార్డులు అచ్చేసిన టాప్స్ కంపెనీ, అమ్ముడుపోని పెట్టెల్ని 1960లో పడవకెత్తి అట్లాంటిక్ సముద్రంలో పారబోసింది. ఆ పని చేయించిన కంపెనీ మనిషి సై బర్గరే స్వయంగా చెప్పుకున్న కథ ఇది. పోకెమాన్‌లోనూ అంతే. 1999లో ఇంగ్లీషులో వచ్చిన తొలి సెట్టులో చారిజార్డ్, నంబరు 4/102, తొలి ముద్రణది, 10 మార్కులది, 2022లో 4 లక్షల 20 వేల డాలర్లు తెచ్చింది.

ఇక్కడే నాలోని బ్యాంకువాడు లేచి కూర్చున్నాడు. ఆ పాత కార్డులకు అంత ధర ఎందుకు? పిల్లలు వాటిని సైకిల్ చక్రాల్లో దోపి టపటపలాడించారు, జేబుల్లో నలిపారు, అమ్మలు పాత పేపర్లతో పాటు తూకానికి వేసేశారు. మిగిలినవి కొన్నే. ఇప్పుడో? ప్యాకెట్ చింపకముందే తొడుగు సిద్ధం. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో పోకెమాన్ కంపెనీ అచ్చేసిన కార్డులు 1,190 కోట్లు. భూమ్మీద తలకొకటి పంచినా ఇంకా మిగిలేటన్ని. వాటిలో అరుదైనవాటిని అందరూ బీరువాల్లో పెట్టి తాళం వేస్తే, ఇరవై ఏళ్ళ తర్వాత అందరి బీరువాల్లోనూ అవే ఉంటాయి. అమ్మేవాళ్ళు బోలెడుమంది, కొనేవాళ్ళెవరు?

“ఇది నా కాలేజ్ ఫండ్ తాతయ్యా” అని మా వాడు అన్నప్పుడు, ఫిక్సెడ్ డిపాజిట్ గురించి మాట్లాడబోయి ఊరుకున్నాను. వడ్డీ రేటు వింటే నవ్వుతాడు.

కానీ లెక్క మాత్రం చేసి చూపించాను. ఈ కంపెనీ ఏ కార్డు ఎన్ని ప్యాకెట్లకొకటి వస్తుందో చెప్పదు. వేల ప్యాకెట్లు చింపి చూసిన వ్యాపారుల లెక్క ప్రకారం, రెండు బంగారు నక్షత్రాల కార్డు సుమారు 45 ప్యాకెట్లకు ఒకటి. ఈ సెట్టులో అలాంటివి 32. అంటే ఫలానా ఉంబ్రియానే కావాలంటే 45ను 32తో హెచ్చించాలి. 1,440 ప్యాకెట్లకు ఒకటి. ప్యాకెట్ అసలు ధర నాలుగున్నర డాలర్లే అనుకున్నా 6,480 డాలర్లు. అప్పటి రేటులో మన డబ్బుల్లో ఐదున్నర లక్షలు. పోనీ, ఆ డబ్బు పోసి 1,440 ప్యాకెట్లూ చింపితే తప్పకుండా వస్తుందా? రాదు. అప్పటికీ రాకపోయే అవకాశం మూడింట ఒక వంతుకు పైనే. అదే కార్డు అప్పుడు విడిగా కొంటే ఇందులో చిన్న వాటాతోనే వచ్చేది.

వాడు కాల్క్యులేటర్ వంకా, నా వంకా చూసి అన్నాడు.

“కానీ మిగతా కార్డ్స్ అమ్ముకోవచ్చు కదా!”

“ఎవరికి?”

“షాప్‌లో.”

వాళ్ళ నాన్న ఓ అట్టపెట్టె నిండా మామూలు కార్డులు తీసుకెళ్ళి అడిగొచ్చాడు. వెయ్యి కార్డులకు వాళ్ళు చెప్పిన ధర వింటే పాత పేపర్లవాడు నయమనిపించింది. పెట్టె మోసినందుకు నడుం పట్టేసింది, దానికి రాసిన బామ్ ఖరీదు వేరే.

విజయవాడ వచ్చాక ఇంకో తమాషా చూశాను. మా వీధి ఫ్యాన్సీ షాపులో పోకెమాన్ కార్డుల పెట్టెలు వేలాడుతున్నాయి. తెరిస్తే యాభైకి పైగా కార్డులు, అన్నీ బంగారు రంగు ప్లాస్టిక్, అన్నీ మహా అరుదైనవే, ఒక్క చుక్క గుర్తు కార్డు కూడా లేదు. ఇవన్నీ గిల్టు సరుకే. అసలు ప్యాకెట్లో పదింటిలో ఎక్కువభాగం మామూలువే ఉంటాయి. అచ్చు స్పష్టంగా ఉంటుంది, స్పెల్లింగు తప్పులుండవు, వెనక నీలం ఎక్కడా వెలవెలబోదు. పక్కనుంచి అంచు చూస్తే రెండు తెల్ల పొరల మధ్య సన్నని నల్ల గీత కనిపిస్తుంది. మా పక్కింటి కుర్రాడు మాత్రం ఆ గిల్టు కార్డులు చేతినిండా పట్టుకుని, పంచిపెట్టి, గెలిచి, ఓడి, మడిచి, వానలో తడిపి, హాయిగా ఆడుకుంటున్నాడు. బీరువా లేదు, భూతద్దం లేదు.

ఫ్రిస్కోలో మా అబ్బాయి తెచ్చిన ప్యాకెట్లలో ఉంబ్రియాన్ రాలేదని వేరే చెప్పక్కర్లేదు. ఓ మాస్టర్ బాల్ కార్డు మాత్రం వచ్చింది, అదీ ఎవరికీ పట్టని ప్రాణిది. మా ఆవిడకు ఆ బొమ్మ నచ్చింది. దాన్ని మనవడు ఆవిడకే ఇచ్చేశాడు. ఇప్పుడు మా పూజగదిలో వెంకటేశ్వరస్వామి పటం పక్కన తొడుగుతో సహా ఉంది. గ్రేడింగుకి పంపుదామా అంటే, “దేవుడి దగ్గర పెట్టాక మార్కులు వేసేదెవరండీ?” అంటుంది.

మీ ఇంట్లో పిల్లలు కొత్త సెట్టు అంటూ చొక్కా పట్టుకు లాగితే, కంగారు పడకండి. ముందు ఏ కార్డు కావాలో అడగండి. ఫలానాదే అని పేరు చెబితే, నమ్మకమైన చోట ఆ ఒక్క కార్డూ విడిగా కొనివ్వండి, అదే చవక. విడుదలైన వారం కాకుండా కొన్నాళ్ళు ఆగితే చాలా కార్డులు ఇంకా దిగొస్తాయి. “ప్యాకెట్ చింపితే వచ్చే మజా కావాలి” అంటే, సినిమా టిక్కెట్టుకి ఇచ్చినట్టు ఓ ప్యాకెట్‌కి డబ్బులిచ్చి, ఆ డబ్బు తిరిగొస్తుందన్న ఆశ అక్కడే వదిలేయండి. పెట్టుబడి అంటే మాత్రం ఒప్పుకోకండి. కార్డు కావాలనుకున్నవాడు కార్డు కొనాలి. ప్యాకెట్ కొన్నవాడికి వచ్చేది ప్యాకెట్టే.